చలికాలానికి పడవను మూసి ఉంచాలా, గాలి ఆడనివ్వాలా?

మారేడుపల్లి, ప్రస్తుతం మిల్వాకీ:
అందరికీ నమస్కారం. హుస్సేన్‌సాగర్‌లో లేజర్ అనే, ఒక్కరే నడిపే చిన్న తెరచాప పడవను నడపడం నేర్చుకున్న నేను, ఈ వేసవిలో ఇక్కడ చిన్న కేబిన్ ఉన్న 19 అడుగుల పాత తెరచాప పడవను ట్రెయిలర్‌తో సహా కొన్నాను. డిసెంబరులో హైదరాబాదు వెళ్లి ఫిబ్రవరి చివర తిరిగి వస్తాను. అద్దె ఇంటి పక్క ఖాళీ స్థలంలో పడవను ఉంచి, టార్పాలిన్ కప్పి చుట్టూ బిగించి కట్టేస్తే బూజు, దొంగల బెడద రెండూ తప్పుతాయా?

సైనిక్‌పురి, ప్రస్తుతం షికాగో:
బిగించి కట్టారంటే బూజును మీరే పెంచినట్లు. వానాకాలంలో చెమ్మ ఆరని పట్టుచీరను బీరువాలో పెట్టి మరచిపోతే ఏమవుతుందో మీ అమ్మగారిని అడగండి. పగటి ఎండకు టార్పాలిన్ కింద గాలి వేడెక్కి లోపలి తేమను పీల్చుకుంటుంది, రాత్రి చల్లబడగానే అదే తేమ బొట్లు బొట్లుగా కేబిన్ పైకప్పుకు పడుతుంది. కాబట్టి ముందొకటి, వెనకొకటి గాలికి దారులు ఉండాలి. మాస్ట్‌ను, అంటే తెరచాప కట్టే స్తంభాన్ని, దించి దూలంలా ఎత్తుగా ఆనించి, దానిమీదుగా టార్పాలిన్ వేస్తే మంచు జారిపోతుంది, కింద గాలి ఆడుతుంది. తెరచాపలు, పరుపులు, తాళ్లు, బ్యాటరీ ఇంట్లోకి తెచ్చుకుని, పడవలోని అరల తలుపులన్నీ తెరిచి ఉంచండి. ట్రెయిలర్ ముందుభాగాన్ని కాస్త ఎత్తి, వెనక నీరు పోయే రంధ్రానికి ఉండే బిరడా (డ్రెయిన్ ప్లగ్) తీసి, దాన్ని వసంతంలో వెతుక్కోకుండా చుక్కాని పిడికి కట్టండి. గడ్డకట్టే నీరు సుమారు 9 శాతం ఉబ్బుతుంది కనుక ఎక్కడా చెంబెడు నీళ్లు కూడా మిగలకూడదు.

అమీర్‌పేట, ప్రస్తుతం క్లీవ్‌లాండ్:
బూజు సంగతి తరువాత, ముందు ఇంటి యజమానిని అడిగారా? నేను నోటిమాట నమ్మి మొదటి ఏడాది పడవను పెరట్లో పెట్టాను. అక్టోబరులో “భేషుగ్గా పెట్టుకోండి” అన్న ఆ పెద్దమనిషి, పొరుగువారెవరో ఫిర్యాదు చేశారట, జనవరిలో ఏడు రోజుల్లో తీసేయమని తలుపుకు కాగితం అంటించాడు. అప్పటికి చక్రాలు సగం దాకా మంచులో కూరుకుపోయాయి, దొంగల భయంతో, ట్రెయిలర్‌ను కారుకు తగిలించే కొక్కేనికి వేసిన తాళంలో నీరు చేరి గడ్డకట్టి తాళంచెవి తిరగలేదు. హెయిర్ డ్రయ్యర్‌కు పొడుగు వైరు తగిలించి గంటసేపు కరిగించాము. లాగేటప్పుడు టార్పాలిన్ చిరిగింది, ఆ రాత్రి కురిసిన మంచంతా కేబిన్‌లోకి చేరింది. కాబట్టి అనుమతి కాగితం మీద తీసుకోండి, తాళానికి గ్రీజు రాసి పైన రబ్బరు తొడుగు వేయండి. పడవ వెనక ఎడమవైపు చెక్కిన 12 అక్షరాల గుర్తింపు సంఖ్యను ఫొటో తీసి ఉంచుకోండి.

తార్నాక, ప్రస్తుతం టొరంటో:
ఆ సంఖ్య ఉండేది కుడివైపు. ఇక గాలి విషయంలో సైనిక్‌పురి వారితో నేను ఏకీభవించను. బయటి గాలిలోనూ తేమ ఉంటుంది కదా! కేబిన్‌ను పూర్తిగా మూసి, తేమను పీల్చుకునే కాల్షియం క్లోరైడ్ డబ్బాలు రెండు పెడితే చాలు. నాకు ఆరేళ్లుగా బూజు లేదు.

సైనిక్‌పురి, ప్రస్తుతం షికాగో:
మీరు పదిహేను రోజులకొకసారి వెళ్లి డబ్బాలో చేరిన ఉప్పునీరు పారబోస్తారు, ఈయన మూడు నెలలు మారేడుపల్లిలో ఉంటారు. ఆ డబ్బా నిండి ఒలికితే అల్యూమినియం భాగాలు తినేస్తుంది. అన్నీ తెరిచి దాన్ని పెట్టినా, మిల్వాకీ గాలినంతా ఆరబెట్టడానికి పూనుకున్నట్లే. మూసి డబ్బా పెట్టడం ఒక పద్ధతి, తెరిచి గాలి వదలడం ఇంకొకటి. మనిషి దగ్గర లేనప్పుడు రెండోదే నయం.

తార్నాక, ప్రస్తుతం టొరంటో:
సరే, మూడు నెలల సంగతి నేను గమనించలేదు. అలాగైతే కేబిన్ గుమ్మానికి పెట్టే చెక్క బదులు, రెక్కల కిటికీలా చీలికలున్న ప్లైవుడ్ పలకను పెట్టి తాళం వేయండి. లోపలివైపు సన్నని ఇనుప జాలీ కొట్టకపోతే ఉడుతలు కాపురం పెడతాయి. మోటారును విప్పి, నీరంతా కారిపోయేలా నిలువుగానే ఇంట్లో ఉంచండి. ట్రెయిలర్ చక్రానికి క్లాంపు కూడా వేయండి, కొక్కెం తాళం ఒక్కటే చాలదు.

మారేడుపల్లి, ప్రస్తుతం మిల్వాకీ:
పలక కొలతలు ఈ శనివారమే తీసుకుంటాను. ఇంటి యజమానిని అడగడం మాత్రం ఇంకా కాలేదు.

అమీర్‌పేట, ప్రస్తుతం క్లీవ్‌లాండ్:
శనివారం దాకా ఆగకండి, అయ్యా.