డిటెక్టర్ చెప్పిందని సున్నా వేయవచ్చా?

మూడోబెంచి:
వచ్చే సెమిస్టర్ నుంచి మా విభాగంలో ఒక నిబంధన పెట్టాలంటున్నారు. విద్యార్థి ఇచ్చిన వ్యాసాన్ని ఏఐ డిటెక్టర్‌లో వేస్తారు. సగానికి పైగా యంత్రం రాసిందని అది చెబితే సున్నా మార్కులు. అభ్యంతరం ఉంటే విద్యార్థి ఆ తర్వాత చెప్పుకోవాలి. ముందు శిక్ష, తర్వాత విచారణ అన్నమాట. సమావేశంలో కాదన్నది నేనొక్కడినే. పాఠాలు చెప్పేవారు మీరేమంటారు?

గీతదాటను:
నేను ఆ ప్రతిపాదనకే చేయెత్తుతాను. 2022 నవంబరు చివర చాట్‌జీపీటీ వచ్చినప్పటి నుంచి, ఇంటి దగ్గర రాసి తెచ్చే వ్యాసాలు దిద్దుతుంటే ఎవరి తెలివికి మార్కులు వేస్తున్నానో నాకే తెలియడం లేదు. రాత్రంతా తంటాలు పడి రాసిన పిల్లకు అరవై, రెండు నిమిషాల్లో తెచ్చి అతికించినవాడికి డెబ్బై అయిదు. మీ జాలంతా దొరికిపోయినవాడి మీదే. ఆ పిల్ల సంగతి ఎవరు చూస్తారు?

సందేహి:
ఆ పిల్ల సంగతే చూద్దాం. డిటెక్టర్ రేపు ఆ పిల్లనే పట్టుకుంటే?

చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్ఏఐ సంస్థే ఒక డిటెక్టర్ విడుదల చేసింది. యంత్రం రాసిన వాటిలో అది పట్టుకున్నవి 26 శాతం. మనుషులు రాసినవాటిలో 9 శాతాన్ని యంత్రం ఖాతాలో వేసింది. ఖచ్చితత్వం లేదని 2023 జులైలో వాళ్లే దాన్ని ఆపేశారు. తర్వాతి నెలలో అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం, కాపీలు పట్టే టర్నిటిన్ సాఫ్ట్‌వేర్‌లోని ఏఐ డిటెక్టర్‌ను నిలిపివేసింది. వాళ్లు చెప్పిన లెక్క చిన్నదే: అంతకుముందు ఏడాది తాము పరిశీలనకు పంపిన వ్యాసాలు 75,000. పొరపాటు ఒక్క శాతమే అనుకున్నా 750 వ్యాసాల మీద తప్పుడు నింద.

ఇంకొకటి. 2023లోనే స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు, ఇంగ్లిష్ మాతృభాష కానివారు రాసిన 91 టోఫెల్ (ఇంగ్లిష్ ప్రావీణ్య పరీక్ష) వ్యాసాలను ఏడు డిటెక్టర్లకు ఇచ్చారు. సగటున 61 శాతం వ్యాసాలు యంత్రం రాసినవని తీర్పు వచ్చింది. తర్వాతి మాటను ఎంత సులువుగా ఊహించవచ్చన్నదే ఈ సాధనాల్లో చాలావాటికి కొలబద్ద; సులువైతే యంత్రం రాసిందంటాయి. నేర్చుకున్న భాషలో రాసేవారు తెలిసిన మాటలతో, జంకుతూ, తిన్నగా రాస్తారు. ఆ జాగ్రత్తే నేరమైంది.

కాపీ కొట్టిన వ్యాసమైతే అసలుదాన్ని పక్కన పెట్టి చూపించవచ్చు. ఇక్కడ చూపడానికి అసలంటూ ఏదీ లేదు, ఒక అంకె తప్ప.

గీతదాటను:
సరే, డిటెక్టర్ వద్దు. అయితే హాలులో కూర్చోబెట్టి కాగితం మీద రాయించండి. నేను ఊరికే గొడవ చేయడం లేదు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు టర్కీలో దాదాపు వెయ్యిమంది ఉన్నత పాఠశాల విద్యార్థుల మీద పరీక్షించి చూశారు. చాట్‌జీపీటీ లాంటి ఏఐ తోడుగా లెక్కలు చేసినప్పుడు మార్కులు 48 శాతం పెరిగాయి. తోడు తీసేసి పరీక్ష పెడితే, అసలు దాన్ని ముట్టనివారికంటే 17 శాతం తక్కువ. చదువు దెబ్బతింటోందనడానికి ఇంకేం కావాలి?

కొత్తపాఠం:
ఆ అధ్యయనంలో సగమే చెప్పారు. జవాబు ఇవ్వకుండా సూచనలు మాత్రమే ఇచ్చేలా మలచిన రకం కూడా వాళ్లు వాడించారు. అది వాడినవారికి ఆ నష్టం దాదాపు లేదు.

హాలు పరీక్ష సంగతికొస్తే, కొన్నిటికి సరిపోతుంది. వారాల తరబడి చదివి, రాసి, కొట్టేసి, తిరగరాసే ప్రాజెక్టును మూడు గంటల్లో ఎలా కొలుస్తారు? నేను రాసినవారిని పిలిచి మాట్లాడుతున్నాను. ఒకబ్బాయి వ్యాసం నలగని చొక్కాలా ఉంది. యంత్రమే రాసిందనుకున్నాను. "ఈ పట్టికలో పన్నెండు వరుసలు ఎందుకు తీసేశావు?" అని అడిగితే, ఆ కొలతలు తీసిన పరికరం ఎలా మొరాయించిందో, వాటిని ఉంచితే ఫలితం ఎటు జారుతుందో గడగడా చెప్పాడు. భాష మాత్రం ఏఐతో దిద్దించుకున్నాడట. అక్షరదోషాలతో, అచ్చం మనిషి రాసినట్టే ఉన్న వ్యాసం తెచ్చిన ఇంకొకరు, "సహసంబంధం ఉందని రాశావు, కారణమని ఎలా తేల్చావు?" అంటే నేల చూపులు చూశారు. డిటెక్టర్‌కు ఇస్తే ఎవరు దొరికేవారో మీరే ఊహించండి.

గీతదాటను:
బాగుంది. అరవైమందికి తలా పది నిమిషాలంటే పది గంటలు. నాకు మూడు తరగతులున్నాయి. ఆ గంటలు ఎవరిస్తారు? పైవాళ్లకు డిటెక్టర్ ఎందుకు ముద్దొస్తోందో ఇప్పుడు అర్థమైందా? సాఫ్ట్‌వేర్ కొనడం కొత్త అధ్యాపకుణ్ణి తీసుకోవడం కంటే చవక.

మూడోబెంచి:
ఈ మాట మా సమావేశంలో ఎవరూ అనలేదు! సిడ్నీ విశ్వవిద్యాలయం మూల్యాంకనాన్ని రెండు దారులు చేసింది: పర్యవేక్షణలో జరిగేది ఒకటి, ఏఐ వాడుకోనిచ్చేది మరొకటి. చూడలేని చోట నిషేధం అమలవుతుందని బుకాయించకపోవడం నాకు నచ్చింది. నా సవరణ ఇలా పంపుతున్నాను: డిటెక్టర్ అంకె చూసి మార్కు తగ్గించరాదు. అనుమానం ఉంటే విద్యార్థితో పది నిమిషాలు మాట్లాడాలి, ఆ సమయాన్ని పనిగంటల్లో లెక్కించాలి.

గీతదాటను:
పనిగంటల వాక్యం ముందు పెట్టండి, నా ఓటు మీకే. అది కొట్టేసి మిగతాది ఆమోదిస్తే మాత్రం నేను హాలు పరీక్షకే వెళతాను.

సందేహి:
మూడోబెంచి గారూ, మాట్లాడేటప్పుడు రెండో అధ్యాపకుడు ఉండాలని కూడా చేర్చండి. నోరు తిరగని పిల్లలుంటారు. అధ్యాపకుడి అనుమానం కూడా ఒక డిటెక్టరే.