కొత్త కెర్నెల్‌తో సౌండ్ పోతే పాతదాన్నే హోల్డ్‌లో పెట్టేయాలా?

అంబత్తూరు అబ్బాయి:
మా అమ్మ రోజూ సాయంత్రం ఇంటి నుంచే పిల్లలకు ఆన్‌లైన్‌లో కర్ణాటక సంగీతం చెబుతుంది. ల్యాప్‌టాప్‌లో ఉబుంటు 22.04 (లినక్స్‌లో ఒక రకం). మా ఆఫీసు మిత్రుడొకరు కెర్నెల్‌ను (హార్డ్‌వేర్‌ను నడిపే లినక్స్ మూలభాగాన్ని) 6.5 నుంచి 6.8కి మార్చారు, సౌండ్ పోయింది. సెట్టింగ్స్‌లో స్పీకర్ పేరే లేదు, ‘డమ్మీ అవుట్‌పుట్’ అని ఉంది. బూట్ మెనూ గ్రబ్‌లో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌కి వెళ్ళి 6.5తో బూట్ చేస్తే అంతా మామూలే. 6.5నే హోల్డ్‌లో, అంటే ఇక అప్‌డేట్ కాకుండా ఆపి, పెట్టేయమంటున్నారు. పెట్టేయనా?

పెరంబూరు పాతకాపు:
పెట్టేయండి. పాఠం చెప్పే మనిషికి కావాల్సింది సౌండ్, వెర్షన్ నంబరు కాదు. 2012 డిసెంబరులో ఒక కెర్నెల్ మార్పు సౌండ్ నడిపే పల్స్‌ఆడియో లాంటి ప్రోగ్రాములను దెబ్బతీస్తే, తప్పు కెర్నెల్‌దేనని లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ సొంత డెవలపర్ మీదే మండిపడ్డాడు. చెడగొట్టినవాళ్ళే బాగుచేయాలి. మీ అమ్మగారు లాగ్‌లు చదువుతూ కూర్చోవాలా?

వేళచ్చేరి వాసి:
పాతకాపు గారూ, ఇవాళ్టి క్లాసు 6.5తో కానివ్వమంటే నేనూ సరేనంటాను. హోల్డ్ మాత్రం వద్దు. కెర్నెల్‌ను హోల్డ్‌లో పెడితే దాని సెక్యూరిటీ ప్యాచులూ ఆగిపోతాయి. 2022లో బయటపడ్డ డర్టీ పైప్‌నే తీసుకోండి. కెర్నెల్ 5.8 నుంచీ ఉన్న లోపం, మామూలు యూజర్ రూట్ (మెషీన్ మీద పూర్తి అధికారం ఉన్న యూజర్) అయిపోవచ్చు. 5.16.11, 5.15.25, 5.10.102లలో సరిచేశారు. అప్పుడు పాతదాన్ని హోల్డ్‌లో పెట్టుకున్నవాళ్ళకి ఆ రక్షణ అందలేదు. పైగా 22.04లో హెచ్‌డబ్ల్యూఈ (కొత్త హార్డ్‌వేర్ కోసం ఇచ్చే కెర్నెల్) వరుస 6.8కి మారాక 6.5కి ప్యాచులు రావడం ఆగిపోయింది.

టోర్వాల్డ్స్ కోప్పడింది కెర్నెల్ తన తీరు మార్చుకుని పైనున్న ప్రోగ్రాములను పాడుచేసినందుకు. ఇక్కడ అసలు డ్రైవరే వచ్చిందో లేదో మనం ఇంకా చూడలేదు.

తమ్ముడూ, 6.8తో బూట్ చేసి ప్రాక్ కింద ఏసౌండ్ ఫోల్డర్‌లో ‘కార్డ్స్’ ఫైలు (/proc/asound/cards) చూడు. కార్డు పేరుంటే డ్రైవర్ వచ్చినట్టే. అప్పుడు వాల్యూమ్ చూపే ఆల్సామిక్సర్‌లో మ్యూట్ అయిందా, అవుట్‌పుట్ హెచ్‌డీఎంఐకి మళ్ళిందా అన్నది చూడాలి. కార్డులే లేవంటే కథ వేరు.

టీనగర్ టెర్మినల్:
అంత దూరం ఎందుకు? ఏ సౌండ్ డ్రైవర్ ఎక్కాలో తేల్చే ఎస్ఎన్‌డీ-ఇంటెల్-డీఎస్‌పీసీఎఫ్‌జీ అనే మాడ్యూల్‌కి (కెర్నెల్‌కి తగిలించే విడి భాగానికి) డీఎస్‌పీ-డ్రైవర్=1 ఇచ్చి రీబూట్ చేయండి. లేదా రిచీ స్ట్రీట్‌లో యూఎస్‌బీ సౌండ్ కార్డు కొని తగిలించండి.

వేళచ్చేరి వాసి:
ఆ ఆప్షన్ హెచ్‌డీఏ అనే పాత సౌండ్ డ్రైవర్‌ను బలవంతంగా ఎక్కిస్తుంది. డిజిటల్ మైకులు డీఎస్‌పీకి (సౌండ్ పని చూసే చిప్‌కి) కలిపి ఉన్న ల్యాప్‌టాప్‌లో స్పీకర్ పలుకుతుంది గానీ లోపలి మైక్ పోతుంది. పాట నేర్పే మనిషికి మైక్ లేకుండా ఎలా? అలాంటి మెషీన్‌కి కావాల్సింది ఆ చిప్‌ను నడిపే సౌండ్ ఓపెన్ ఫర్మ్‌వేర్, అంటే ఎస్ఓఎఫ్. ఆ ఫైళ్ళు ఉన్నాయో లేదో కెర్నెల్ సందేశాలు చూపే డీమెసేజ్‌లో ‘ఎస్ఓఎఫ్’ అని వెతికితే తెలుస్తుంది. యూఎస్‌బీ కార్డుకైనా దాని డ్రైవర్ మాడ్యూల్ డిస్కులో ఉండాలి కదా.

అంబత్తూరు అబ్బాయి:
కార్డులు ఒక్కటీ లేవన్నా. ఎస్ఓఎఫ్ గురించి డీమెసేజ్‌లో ఒక్క లైనూ లేదు. ఎక్కిన మాడ్యూళ్ళ జాబితా ఎల్ఎస్‌మాడ్‌లో ఎస్ఎన్‌డీ-హెచ్‌డీఏ-ఇంటెల్ కనబడలేదు. మాడ్‌ప్రోబ్‌తో ఎక్కించబోతే అసలు మాడ్యూలే దొరకలేదంటోంది.

వేళచ్చేరి వాసి:
కారణం దొరికింది. మీ మిత్రుడు కెర్నెల్ ఇమేజ్ ప్యాకేజీని పూర్తి నంబరుతో ఇన్‌స్టాల్ చేసి ఉంటారు. అలా చేస్తే మాడ్యూల్స్ వస్తాయి, మాడ్యూల్స్-ఎక్స్‌ట్రా అనే అదనపు మాడ్యూళ్ళ ప్యాకేజీ రాదు. హెచ్‌డీఏ డ్రైవర్ ఉండేది ఆ ఎక్స్‌ట్రాలోనే. యూనేమ్-ఆర్ కమాండ్ చూపించే కెర్నెల్ నంబరుతోనే లినక్స్-మాడ్యూల్స్-ఎక్స్‌ట్రా వేసి రీబూట్ చేయి. తర్వాత లినక్స్-జెనెరిక్-హెచ్‌డబ్ల్యూఈ-22.04 అనే మెటా ప్యాకేజీ కూడా వేసేయి. ఇకమీదట ప్రతి కెర్నెల్‌తోనూ ఎక్స్‌ట్రా తనే వస్తుంది.

అంబత్తూరు అబ్బాయి:
వచ్చిందన్నా! స్పీకర్, మైక్ రెండూ. అమ్మ శ్రుతిపెట్టె పెట్టి చూసింది, అవతలివాళ్ళకి బాగా వినిపిస్తోందట.

పెరంబూరు పాతకాపు:
సంతోషం. అయినా నా మాట మీదే ఉన్నాను. ఇంట్లో ఇలా చూసిపెట్టే కొడుకు లేని పెద్దవాళ్ళకి హోల్డే దిక్కు.

వేళచ్చేరి వాసి:
వాళ్ళకి అంతకన్నా మంచి దారి ఉందండి. హెచ్‌డబ్ల్యూఈ జోలికి పోకుండా 22.04తో మొదట వచ్చిన 5.15 వరుసలో ఉంచండి, అదే లినక్స్-జెనెరిక్. వాళ్ళ హార్డ్‌వేర్ దాంతో నడిస్తే 2027 వరకు ప్యాచులు వస్తూనే ఉంటాయి, వరుస మాత్రం మారదు. మీరడిగే నిలకడ అందులో ఉంది, హోల్డ్ పెట్టాల్సిన పని లేదు.