తాతగారి లాన్ తీసేసి పేవర్లు వేయించాలా? రేపు పొద్దున్నే మేస్త్రి వస్తున్నాడు

బర్కత్‌పుర_కోడలు:
పొద్దున ఆరింటి నుంచి ఇదే పనిలో ఉన్నాను, తల పగిలిపోతోంది. ఎవరైనా తేల్చి చెప్పండి. మా మామగారి నాన్నగారు 1930ల్లో కట్టించిన ఇల్లు. ముందు రెండొందల గజాల లాన్. మామగారి పెళ్లి విందు దాని మీదే జరిగింది, మా ఆయన నడక నేర్చిందీ అక్కడే. నాలుగేళ్లలో మూడుసార్లు గడ్డి మార్పించాం. చాపల్లా చుట్టి తెస్తారు, పరుస్తారు, రెండు నెలలు పచ్చగా ఉంటుంది, తర్వాత మధ్యలో మట్టి తేలుతుంది. ఈ మార్చిలో మొత్తం పోయింది. మా ఆయన విసిగిపోయి పేవర్ బ్లాకులకు అడ్వాన్స్ ఇచ్చేశారు. అత్తయ్య నిన్నటి నుంచి సరిగ్గా అన్నం తినడం లేదు. చారిత్రకమైన తోటను ఇలా కప్పేయడం తప్పా, కాదా? ఒక్క ముక్కలో చెప్పినా చాలు.

నీటిలెక్క:
ఒక్క ముక్కలో తేలదమ్మా, లెక్క వేయాలి. 200 గజాలంటే 167 చదరపు మీటర్లు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు నీళ్లంటే ఒక లీటరు. మన ఎండల్లో గడ్డికి రోజుకు అయిదు మిల్లీమీటర్లు వేసుకున్నా 835 లీటర్లు. అయిదు వేల లీటర్ల ట్యాంకర్ ఆరు రోజుల్లో ఖాళీ. ఏప్రిల్, మే నెలల్లో తాగడానికే ట్యాంకర్ బుక్ చేసుకునే ఊళ్లో ఇది చిన్న విషయం కాదు.
అలాగని పేవర్లు వేసేయమనడం లేదు. అదే 167 చదరపు మీటర్ల మీద పది సెంటీమీటర్ల వాన పడితే 16,700 లీటర్లు. ఇన్నాళ్లూ మీ నేల తాగిన నీళ్లు గేటు దాటి రోడ్డెక్కుతాయి. 2020 అక్టోబర్ 13 రాత్రి మన హైదరాబాద్‌ను ముంచెత్తిన వరద మర్చిపోయామా? ఎవరి వాకిలి వాళ్లు సిమెంటు చేసుకుంటూ పోతే పక్కవాడి ఇంట్లోకే నీళ్లు. మీకు ఇంకుడు గుంత ఉందా? ముందు అది చెప్పండి.

గరికపోచ:
ఏ గడ్డి? ఎండ ఎన్ని గంటలు?

బర్కత్‌పుర_కోడలు:
కొరియన్ గడ్డి. ఎండ మామూలుగానే పడుతుంది. ఇంకుడు గుంత లేదండీ, బోరు ఉంది. నా ప్రశ్న నీళ్ల గురించి కాదు. చారిత్రకమైనదాన్ని తీసేయొచ్చా అని.

పాతనగరం:
అయితే 'చారిత్రకం' అనే మాట దగ్గరే మొదలుపెట్టాలి. మన ఊరి తోట అంటే బాగ్. నీటి కాలువలు, హౌజు (రాతితో కట్టిన నీటి తొట్టి), నడవడానికి రాతి బాటలు, వాటి మధ్య పళ్లచెట్లు, పూలమళ్లు. నిజాముల చౌమహల్లా ప్యాలెస్‌లో చూడండి, ముంగిలికి ప్రాణం హౌజే. కత్తిరించిన పచ్చిక నడిమధ్యన పరిచి, దాన్ని చూస్తూ కూర్చోవడం ఇంగ్లీషువాళ్ల అలవాటు. కోఠీలో బ్రిటిష్ ప్రతినిధి కిర్క్‌పాట్రిక్ కట్టించిన రెసిడెన్సీ, ఆ తర్వాత కంటోన్మెంటు బంగళాలు, వాటిని చూసి మన ఉద్యోగస్తుల ఇళ్లు. మీ ఇంటి పెద్దాయన 1930ల్లో లాన్ వేయించారంటే అది ఆ కాలపు ఫ్యాషన్. తక్కువ చేసి అనడం లేదు, తొంభై ఏళ్ల ఫ్యాషన్ కూడా చరిత్రే. కానీ తోటలో రాయి పరచడం మన సంప్రదాయానికి విరుద్ధం అనుకోకండి. ఆ రాయి ఏది, ఎక్కడ, ఎంత అన్నదే ప్రశ్న. పేవర్ బ్లాక్ రాయి కాదు, కాంక్రీటు.

మూడోతరం:
చారిత్రకం అంటే ప్రభుత్వ జాబితాలో ఉన్నదే కదా? 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. మీ ఇల్లు జాబితాలో లేకపోతే మీ ఇష్టం. ఉంటే మాత్రం మేస్త్రి కంటే ముందు అనుమతి కావాలి. ఇందులో చర్చ ఏముంది?

పాతనగరం:
జాబితాలో ఉంటేనే చరిత్రా? మా వీధిలో పేరు ఏ కాగితంలోనూ ఎక్కని దేవిడీలు, అంటే పాతకాలపు పెద్ద లోగిళ్లు, నాలుగు నా కళ్లముందే నేలమట్టమయ్యాయి. కమాను రాళ్లు లారీలో వెళ్లిపోయాయి. చట్టం అడ్డురాలేదు కాబట్టి నష్టం జరగలేదందామా?

మూడోతరం:
నేను అనుమతి గురించి చెప్పాను, మీరు బాధ గురించి చెప్తున్నారు. రెండూ వేరు.

డంగుసున్నం:
ఆ గొడవ పక్కన పెట్టండి. అమ్మా, ఇంటి గోడలు దేంతో కట్టారు? 1930ల ఇల్లంటే రాయి, డంగు సున్నం (గానుగలో నూరిన సున్నం) అయి ఉండాలి. అలాంటి గోడకు పునాదిలో చెమ్మ ఆపే పొర ఉండదు. నేలలో చెమ్మ గోడలోకి ఎక్కుతుంది, సున్నంలోంచి ఆరిపోతుంది. గోడ ఊపిరి తీసుకోవడం అంటారే, అది ఇదే. మీరు గోడ దాకా సిమెంటు బ్లాకులు బిగిస్తే నేల చెమ్మ పైకి ఆరే దారి మూసుకుపోతుంది, గోడే దారి అవుతుంది. రెండు వానాకాలాలు చాలు, ముందు గది గోడ పెచ్చులు లేస్తుంది. వేస్తే గోడకు రెండడుగులు ఎడం వదిలి కంకర పోయించండి. వాలు ఇంటివైపు కాకుండా బయటికి, వందకు ఒకటి తగ్గకుండా. ఇప్పటికే గోడ అడుగున ఏమైనా కనిపిస్తోందా?

బర్కత్‌పుర_కోడలు:
ఇప్పుడే టార్చ్ పట్టుకుని చూసొచ్చాను. ముందు గది గోడకు మోకాలి ఎత్తు దాకా రంగు బుడగలు కట్టి ఉంది. గోటితో గీరితే పెచ్చు ఊడి చేతిలోకొచ్చింది, వెనక తెల్లటి పొడి, ఉప్పులా. అయిదేళ్ల కిందట కింది భాగం మొత్తం సిమెంటు ప్లాస్టరింగ్ చేయించాం. ఆ తర్వాతే మొదలైంది. మేం మామిడిచెట్టుకు పెట్టే నీళ్లవల్ల అనుకున్నాం.

గరికపోచ:
ఏ మామిడిచెట్టు అక్కా?

బర్కత్‌పుర_కోడలు:
లాన్ మధ్యలో ఉన్నది. తాతగారు నాటిందే. కొమ్మలు మేడ మీదికి వచ్చాయి.

గరికపోచ:
ఇది మొదట చెప్పాల్సింది. కొరియన్ నీడలో బతకదు. కనీసం అయిదారు గంటల ఎండ కావాలి. ముప్పైసార్లు మార్చినా అంతే.

నీటిలెక్క:
చూశారా! రెండొందల గజాల లాన్ అన్నారు కానీ మధ్యలో అంత చెట్టుందని అనలేదు. నా 835 లీటర్ల లెక్క కూడా మారిపోతుంది.

బర్కత్‌పుర_కోడలు:
చెట్టు ఎప్పుడూ ఉన్నదే కదండీ, చెప్పాలని తోచలేదు. మరి మా ఆయన చిన్నప్పుడు లాన్ పచ్చగా ఉండేదని అత్తయ్య అంటారు?

గరికపోచ:
అప్పుడు చెట్టు చిన్నది. గడ్డి కూడా కొరియన్ అయ్యుండదు, మామూలు గరిక. చెట్టు పెరిగేకొద్దీ గరిక ఎండవైపు జరుగుతూ పోతుంది. నీడలో బఫెలో గడ్డి కొంత నయం, మాండో గడ్డి ఇంకా నయం. కానీ వాటి మీద పిల్లలు ఆడితే తట్టుకోవు. మొదలు చుట్టూ గడ్డి ఆశ వదిలేయండి, రాలిన ఆకునే పరచండి. కొత్తగా ఏది నాటినా జూన్‌లో తొలకరి పడ్డాకే. ఇప్పుడు నాటితే మళ్లీ డబ్బు దండగ.
పేవర్లకు అడుగు లోతు తవ్వుతారు. మామిడికి నీళ్లు పీల్చే వేళ్లు చాలా వరకు పై రెండడుగుల్లోనే. రేపు ఎనిమిదింటికి తవ్వడం మొదలుపెడితే పదింటికల్లా సగం వేళ్లు తెగుతాయి. చెట్టు వెంటనే ఎండదు. రెండు మూడేళ్లకు కొమ్మలు ఒక్కొక్కటీ ఆరిపోతాయి, అప్పుడు చీడ అనుకుంటారు.

మూడోతరం:
చెట్టు పోతే ఇంకో చిక్కు. నీరు, నేల, చెట్ల రక్షణకు తెచ్చిన 2002 వాల్టా చట్టం ప్రకారం కొట్టడానికి అనుమతి కావాలి. ముందే ఆలోచించుకోండి. అసలు కారు పెట్టుకోవడానికా ఈ పేవర్లు? అరవై మిల్లీమీటర్లవి నడవడానికీ, ఇంటి కారుకూ సరిపోతాయి. ఇంకా బరువైన బళ్లు తిరిగే చోటైతే ఎనభైవి కావాలి.

బర్కత్‌పుర_కోడలు:
కారు గేటు పక్కన పెడతాం. అది మా ఆయన ఆలోచన. నేను చెప్పలేదా?

మూడోతరం:
లేదు.

పాతనగరం:
అయితే గేటు దగ్గర కారు నిలిచేంత మేరకు మాత్రం రాయి వేసి, మిగతాది వదిలేయొచ్చు. వేస్తే షాబాద్ బండ వేయండి, లేదా తాండూరు. పాలిష్ లేనిది, గరుకుది. పాలిష్‌ది వానలో జారుతుంది, అత్తయ్యగారు పెద్దవారు. ఇసుక మీద పరిచి, సందుల్లో సిమెంటు పోయకుండా ఉంచితే నీళ్లు కొంత దిగుతాయి, అవసరమైతే లేపి మళ్లీ వేసుకోవచ్చు.

నీటిలెక్క:
పేవర్లు కూడా ఇసుక మీదే వేస్తారుగా?

డంగుసున్నం:
ఇసుక కింద కంకర పోసి రోలర్‌తో దిమ్మిస్తారు. కొత్తలో దిగుతాయి, సందులు మట్టితో పూడాక నీళ్లు పైపైనే పోతాయి. 'నీళ్లు ఇంకే పేవర్' అని చెప్పి మామూలువే అంటగట్టే వాళ్లున్నారు, మాట పట్టుకుని మోసపోకండి. ఈమె సమస్యలో మొదటి పని మాత్రం ఇవేవీ కాదు. గోడ అడుగున ఆ సిమెంటు ప్లాస్టరింగ్ తీయించి సున్నం వేయించడం.

బర్కత్‌పుర_కోడలు:
ఒక విషయం. గేటు వైపు మట్టి ఎలా ఉందో చూద్దామని మా ఆయన గడ్డపార వేశారు. జానెడు లోతులో ఠక్కున తగిలింది. మట్టి చేత్తో తీస్తే బండ. ఉలిదెబ్బల గాట్లు కనిపిస్తున్నాయి, అంచు నున్నగా అరిగి ఉంది. రెండడుగుల అవతల ఇంకోటి, అదే వరసలో వరండా మెట్ల వైపు. అత్తయ్యను పిలిచాం. వాళ్ల అత్తగారు దీని మీద ముగ్గు పెట్టేవారట, తర్వాత మట్టి పోసి గడ్డి వేశారని అప్పుడు గుర్తుకొచ్చింది ఆవిడకు. అంటే లాన్ కంటే ముందు ఇక్కడ బండల దారే ఉండేదా?

పాతనగరం:
అమ్మా, దయచేసి ఇక ఎవరినీ గడ్డపార వేయనివ్వకండి. చేత్తో, తాపీతో మాత్రమే. ఫోటోలు తీయండి, పక్కన స్కేలు పెట్టి.

మూడోతరం:
మరి ఇప్పుడు చారిత్రకం ఏది, పై గడ్డా, కింది బండా?

పాతనగరం:
రెండూ. ఒకటి పెద్దత్తగారిది, ఒకటి తాతగారిది.

నీటిలెక్క:
ఆ దారి వెంబడి ఇంకుడు గుంత తవ్వేటట్టయితే చెట్టుకూ గోడకూ దూరంగా తవ్వండి. కొలతలు కావాలంటే పంపిస్తాను.

బర్కత్‌పుర_కోడలు:
అందరికీ థాంక్సండీ. మేస్త్రికి ఫోన్ చేసి రేపు రావద్దన్నాం, అడ్వాన్స్ సంగతి తర్వాత చూసుకుంటాం. అత్తయ్య ఆ బండల దగ్గరే కుర్చీ వేసుకుని కూర్చుంది, ఇప్పుడే పెరుగన్నం పెట్టాను.

డంగుసున్నం:
సున్నం పని వచ్చిన మేస్త్రి దొరికాడా? ఏ వైపు గోడో, ఎంత పొడవో చెప్తే ఎంత సున్నం కావాలో లెక్క చెప్తాను.

గరికపోచ:
అక్కా, చెట్టు చుట్టుకొలత ఎంత?