శ్రీకాకుళంలో ఉండి లీడ్ అవ్వగలనా? సాయంత్రాలు ఎలా గడుపుతున్నారు?

నాగావళి గట్టు: నా వయసు 26, మూడేళ్లుగా ఇంటి నుంచే జావా సాఫ్ట్‌వేర్ పని. టీమ్ లీడ్ అవ్వాలని గట్టిగా ఉంది, మేనేజర్ ఏమో బెంగళూరు వస్తేనే అంటున్నారు. న్యూయార్క్ వాళ్లకి ఉదయం తొమ్మిదిన్నర అంటే మనకి రాత్రి 7, నవంబరులో వాళ్ల గడియారం వెనక్కి జరిగాక 8, మీటింగ్ అయ్యేసరికి ఊరు పడుకుంటుంది. తర్వాత ఒంటిగంట దాకా రీల్స్. ఎంత టెన్షనో!

కోట జంక్షన్: తమ్ముడూ, మాది విజయనగరం, పదకొండేళ్ల అనుభవం. ఒక రెండేళ్లు వెళ్లిరా. లీడ్ అంటే ఎక్కువ కోడ్ రాయడం కాదు, పక్కవాడి కోడ్ చదివి తప్పు నొప్పించకుండా చెప్పడం, అది ఎదురుగా కూర్చుంటేనే త్వరగా వస్తుంది. సాయంత్రం మనది కాదు కాబట్టి పొద్దున్న పట్టుకో. మా ఊళ్లో 1919 నుంచి ఉన్న సంగీత కళాశాల, ద్వారం వెంకటస్వామినాయుడు గారు ప్రిన్సిపాల్‌గా చేసిన చోటు, అక్కడ చదివిన మాస్టారి దగ్గర వారానికి రెండు రోజులు వయొలిన్ నేర్చుకుంటున్నాను.

వంశధార: నేను వెళ్లొద్దనే అంటాను. అమ్మకి బాగోక తిరిగి వచ్చేశాను, ఇక్కడి నుంచే క్లౌడ్ సర్టిఫికెట్ చేసి కంపెనీ మారాను, జీతమూ పెరిగింది. ఆదివారం కళింగపట్నం తీరం, లేదా మన ఊళ్లోనే కారా మాస్టారు (కథా రచయిత కాళీపట్నం రామారావు గారు) 1997లో పెట్టిన కథల లైబ్రరీ, కథానిలయం. ఎప్పుడైనా వెళ్లావా?

నాగావళి గట్టు: లేదక్కా. ఈ ఆదివారం వెళ్తాను.