యెర్బా మాతే: నిజంగా మంచిదేనా? ఏ ప్యాకెట్ తాగాలి?

పద్మజ, విజయవాడ

అందరికీ నమస్కారం. మా అబ్బాయి టెక్సాస్ నుంచి వస్తూ యెర్బా మాతే అని, దక్షిణ అమెరికా వాళ్ళు టీలా కాచుకునే ఆకు, రెండు ప్యాకెట్లు తెచ్చాడు. ఒకటి అర్జెంటీనాది. మీద "కోన్ పాలో" అని ఉంది. విప్పి చూస్తే ఎండిన ఆకు నలుసులు, వాటి మధ్య సన్నటి పుల్లలు, కొంచెం పొగ వాసన. రెండోది బ్రెజిల్‌ది, గోరింటాకు పొడిలా పచ్చగా, మెత్తగా ఉంది.

నాకు నలభై తొమ్మిదేళ్ళు. మొన్నటి రిపోర్టులో చెడ్డ కొలెస్ట్రాల్ 158. హిమోగ్లోబిన్ 10 దగ్గరే ఆగిపోయింది, ఐరన్ మాత్రలు వాడుతున్నాను. పొద్దున్నే థైరాయిడ్ మాత్ర కూడా ఉంది. "కాఫీ మానేసి ఇది తాగమ్మా, కొలెస్ట్రాల్ తగ్గుతుంది, బరువూ తగ్గుతావు" అంటాడు వాడు. యూట్యూబ్ చూస్తే ఒకాయన అమృతం అంటాడు, ఇంకొకాయన గొంతు క్యాన్సర్ వస్తుందంటాడు. టెన్షన్ పట్టుకుంది. తెలిసినవాళ్ళు చెప్పండి. ఏది తాగాలి, ఎంత తాగాలి, అసలు తాగొచ్చా?

మురళి, మాంటెవీడియో (ఉరుగ్వే)

పద్మజ గారూ, మాది తణుకు. ఉద్యోగం మీద ఉరుగ్వే వచ్చి ఇక్కడే స్థిరపడ్డాం. తలసరి లెక్కన ప్రపంచంలో మాతే అందరికన్నా ఎక్కువ తాగేది ఈ దేశమే. సాయంత్రం తీరం వెంట ఉన్న రాంబ్లా రోడ్డు మీదికి వెళ్తే చంకలో ఫ్లాస్కు, అదే చేతిలో మాతే తాగే సొరకాయ బుర్ర పట్టుకుని నడిచేవాళ్ళే కనిపిస్తారు. మా ఇంట్లోనూ రోజూ ఉంటుంది. నాకు ఇష్టమైన పానీయం కాబట్టే దాని గురించి ఎక్కువ చేసి చెప్పకూడదనుకుంటాను.

ముందు క్యాన్సర్ సంగతి. ఆ భయం ఊరికే పుట్టలేదు. 1991లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ వేడి మాతేను "క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నవి" అనే జాబితాలో పెట్టింది. ఈ ప్రాంతంలో అన్నవాహిక క్యాన్సర్ కేసులు ఎక్కువగా కనిపించడమే కారణం. 2016లో మళ్ళీ పరిశీలించి, దోషం 65 డిగ్రీలు దాటిన వేడిదని తేల్చారు. టీ అయినా కాఫీ అయినా అంత వేడిగా తాగితే ఆ జాబితాలోకే వస్తుంది. అంత వేడి లేని మాతేను ఆ జాబితాలోంచి తీసేశారు. మాతేను లోహపు గొట్టంతో పీలుస్తారు కాబట్టి పెదవికి చురుక్కుమనేలోపే వేడి నీళ్ళు గొంతులోకి దిగిపోతాయి. అందుకే ఇది మామూలు కప్పు టీ కన్నా జాగ్రత్తగా తాగాల్సిన వస్తువు.

రెండో విషయం పొగ. మీకు వాసన తగిలిందన్నారు కదా, అది ఎక్కడిదో చెప్తాను. కోసిన కొమ్మలను 24 గంటల్లోపే మంట సెగలో కొన్ని సెకన్లు తిప్పి తీస్తారు, లేకపోతే ఆకు నల్లబడిపోతుంది. తర్వాత ఆరబెడతారు. కొన్ని చోట్ల వేడిగాలితో, కొన్ని చోట్ల కట్టెల సెగ మీద గంటల తరబడి. ఈ రెండో పద్ధతిని బార్బాకువా అంటారు. పొగలో పాలీసైక్లిక్ హైడ్రోకార్బన్లు అనే, క్యాన్సర్‌తో ముడిపడిన పదార్థాలు ఉంటాయి, బొగ్గుల మీద కాల్చిన మాంసానికి పట్టేవి అవే. ఆకులోకి చేరిన వాటిలో కొంత నీళ్ళలోకి కూడా దిగుతుంది. రోజూ తాగేవాళ్ళకు నేనిచ్చే సలహా: ప్యాకెట్ మీద "సిన్ ఉమో" అని, అంటే పొగ తగలకుండా ఆరబెట్టిందని ఉంటే అది కొనండి. క్రౌస్ అనే అర్జెంటీనా బ్రాండు ఇలాంటిదే. బార్బాకువా రుచి ఘాటుగా, బాగుంటుంది, కానీ అది ఎప్పుడో ఒకసారికి సరిపోతుంది.

ఇక మీ అబ్బాయి చెప్పిన కొలెస్ట్రాల్. అది గాలి మాట కాదు. 2009లో బ్రెజిల్ పరిశోధకులు నూరుమందికి పైగా జనానికి 40 రోజులు మాతే కషాయం ఇచ్చి చూశారు. కొలెస్ట్రాల్ ఎక్కువున్నవాళ్ళలో చెడ్డ కొలెస్ట్రాల్ దాదాపు 8 శాతం తగ్గింది. మీ 158 మీద లెక్కేస్తే పన్నెండు పదమూడు పాయింట్లు. అయితే వాళ్ళు తాగిందెంతో చూడండి: పూటకు 330 మిల్లీలీటర్ల చొప్పున రోజుకు మూడుసార్లు, అంటే దాదాపు లీటరు.

మీ విషయంలో నాకు కంగారు పుట్టించేది ఆ లీటరే. మాతేలో కొలెస్ట్రాల్‌కి మంచివని చెప్పే క్లోరోజెనిక్ ఆమ్లం లాంటి పాలీఫినాల్స్ దండిగా ఉంటాయి. ఆకుకూరలు, పప్పుల్లోంచి వచ్చే ఇనుమును పేగులో పట్టేసి ఒంటికి అందకుండా చేసేవి కూడా ఈ పాలీఫినాల్సే. హిమోగ్లోబిన్ 10 ఉన్న మనిషి పన్నెండు పాయింట్ల కోసం రోజుకు లీటరు మాతే తాగడం నా లెక్కలో నష్టపు బేరం. ముందు రక్తం సంగతి చూసుకోండి. కొలెస్ట్రాల్ మాత్ర వేసుకోవాలా వద్దా అన్నది డాక్టరు గారు తేల్చాలి, మాతే దానికి బదులు కాదు. బరువు తగ్గడం గురించి వచ్చినవి చిన్నచిన్న అధ్యయనాలు, చాలావరకు గాఢమైన సారంతో చేసినవి. ఆ ఆశతో మాత్రం తాగకండి.

అలాగని మానేయమనడం లేదు. రోజుకు ఒకటి రెండు కప్పులు హాయిగా తాగొచ్చు. భోజనానికీ ఐరన్ మాత్రకూ ముందు వెనుక రెండేసి గంటలు వదలండి. థైరాయిడ్ మాత్ర వేసుకున్నాక కాఫీకి ఎంతసేపు ఆగుతారో దీనికీ అంతసేపు ఆగండి. ఒక పూట కాఫీ తీసేసి ఆ చోట ఇది పెట్టుకోండి, కాఫీకి తోడుగా వద్దు. ఎండిన ఆకులో బరువు లెక్కన 1 శాతం అటూ ఇటూ కెఫీన్ ఉంటుంది. ఇక్కడివాళ్ళు ఒక బుర్రలో 50 గ్రాముల దాకా నింపి లీటరు నీళ్ళు దాని మీదే పోసుకుంటూ పొద్దంతా తాగుతారు. అలా తాగితే ఆరోగ్యవంతులకు చెప్పే 400 మిల్లీగ్రాముల హద్దుకు తేలిగ్గా చేరుకోవచ్చు. గర్భిణులకు చాలా దేశాల్లో చెప్పే హద్దు 200.

మీ రెండు ప్యాకెట్లలో అర్జెంటీనాది ముందు తెరవండి. కోన్ పాలో అంటే పుల్లలతో కలిపినది. అక్కడి నిబంధన ప్రకారం అందులో 35 శాతం దాకా పుల్లలు ఉండొచ్చు, "సిన్ పాలో" అయితే 90 శాతమైనా ఆకే ఉండాలి. పుల్ల ఉంటే చేదు తగ్గుతుంది, కొత్తగా తాగేవాళ్ళకు అదే నయం. చారెడు తీసి తెల్ల కాగితం మీద పరచండి. ఆకు నలుసు, పుల్ల, కొంచెం పొడి మూడూ కనబడాలి. సగానికి సగం దుమ్మే ఉంటే అది నాసిరకం, లేదా ప్రయాణంలో నలిగిపోయింది. రంగు పచ్చగా లేదని కంగారు పడకండి. అర్జెంటీనా వాళ్ళు ఆకును ఏడాది, కొందరు రెండేళ్ళు గోడౌన్లో మాగబెట్టి అప్పుడు మరాడిస్తారు, కాబట్టి కాస్త పసుపు తిరుగుతుంది. బ్రెజిల్‌ది దీనికి తలకిందులు. అది తాజాగా మరాడించిందే వాడాలి. పసుపు తిరిగిందంటే పాతబడిందని అర్థం. ప్యాకెట్ చేసిన తేదీ రెండింటికీ చూడాలి. తెరిచాక గాలి చొరని డబ్బాలో, మసాలాలకు దూరంగా పెట్టండి. పక్కనున్న వాసన ఏదైనా ఇట్టే పట్టేస్తుంది.

చేసే పద్ధతి: బుర్ర, గొట్టం ఏమీ అక్కర్లేదు. కప్పు నీళ్ళకు ఒక చెంచా. మూడు గ్లాసుల మరిగిన నీళ్ళలో ఒక గ్లాసు మామూలు నీళ్ళు పోస్తే 80 డిగ్రీల దగ్గరికి వస్తాయి. ఆ నీళ్ళు ఆకు మీద పోసి, మూతపెట్టి, ఐదు నిమిషాలయ్యాక టీ జాలీతో వడకట్టండి. సలసలా మరిగే నీళ్ళు పోస్తే చేదు నోట్లో పెట్టుకోలేరు. గోరువెచ్చన కాస్త దాటిన వేడి దగ్గర తాగండి. అర్జెంటీనాలో దీన్నే మాతే కొసీదో అంటారు.

సురేష్, షార్జా

పద్మజ అక్కా, మురళి అన్న అంతా చెప్పేశాడు, ఒక్క ముక్క కలుపుతాను. మా సైటులో సిరియా వాళ్ళు పొద్దున్నే దీనితోనే కూర్చుంటారు. అర్జెంటీనా యెర్బా కొనే విదేశాల్లో సిరియా పెద్దది, ఒకప్పుడు అటు వలస వెళ్ళి తిరిగొచ్చినవాళ్ళు అలవాటు చేశారట. ఇక్కడ సిరియా, లెబనాన్ వాళ్ళ కొట్లలో పిపోరే లాంటి బ్రాండ్లు పావుకిలో ప్యాకెట్లలో దొరుకుతాయి. గల్ఫ్ నుంచి వచ్చే బంధువులతో తెప్పించుకుంటే చవక.

కానీ వీళ్ళు చిన్న గాజు గ్లాసులో చక్కెర వేసుకుని తాగుతారు, గ్లాసు మీద గ్లాసు. నాకు షుగర్ బార్డర్‌లో ఉందని తెలిసినప్పటి నుంచి నాది చక్కెర లేకుండా పోయమంటాను. ఇంకోటి, టిన్నుల్లో "మాతే ఎనర్జీ డ్రింక్" అని వస్తాయి. వెనకాల చక్కెర ఎంతో, విడిగా కలిపిన కెఫీన్ ఎంతో చదివితే మళ్ళీ కొనబుద్ధి కాదు.

పద్మజ, విజయవాడ

మురళి గారూ, సురేష్ బాబూ, చాలా థాంక్స్. క్యాన్సర్ గురించి మనసు కుదుటపడింది. హిమోగ్లోబిన్‌కి దీనికి లింకు ఉందని మా వాడికీ తెలియదు, వాడికి మీ జవాబు పంపాను.

ఇంకో మూడు సందేహాలు. పాలు పోసుకోవచ్చా? ఈ బ్రెజిల్ పొడి టీ జాలీలోంచి కిందికి దిగిపోతోంది, ఏం చేయాలి? వీడియోల్లో అందరూ ఒకే గొట్టంతో తాగుతున్నారు, ఆ ఎంగిలి మీకు పట్టింపు అనిపించదా? మా ఇంట్లో మంచినీళ్ళ గ్లాసు కూడా ఎవరిది వాళ్ళదే.

మురళి, మాంటెవీడియో (ఉరుగ్వే)

పాలు పోసుకోవచ్చండీ. అర్జెంటీనాలో పిల్లలకు మాతే కొసీదో పాలతోనే ఇస్తారు. మన నాలుకకు అలాగే తొందరగా ఎక్కుతుంది.

బ్రెజిల్ పొడికి పలచటి తెల్ల గుడ్డ వాడండి. అది షిమరాఁవ్ కోసం, అంటే బ్రెజిల్ వాళ్ళు బుర్రలో తాగే వేడి మాతే కోసం మరాడించిన పొడి. దానికి వాడే గొట్టం అడుగు వెడల్పుగా, సన్నటి చిల్లులతో ఉంటుంది, మామూలు గొట్టం పూడుకుపోతుంది.

ఎంగిలి విషయం. ఇక్కడ ఒకరు పోస్తారు, వరసగా అందరూ అదే గొట్టంతో తాగుతారు. తాగి తిరిగిచ్చేటప్పుడు "గ్రాసియాస్" అంటే ఇక చాలు అని అర్థం. మా అమ్మ వచ్చినప్పుడు పక్కింటావిడ బుర్ర చేతికిస్తే అమ్మ ఏ మొహమాటం లేకుండా దణ్ణం పెట్టి వద్దంది. ఆవిడేమీ అనుకోలేదు, విడిగా గ్లాసులో పోసి తెచ్చింది. 2020లో కరోనా వచ్చాక ఇక్కడివాళ్ళు కూడా ఎవరి బుర్ర వాళ్ళు పట్టుకెళ్ళడం మొదలుపెట్టారు. జలుబు, నోటిపూత ఉన్నప్పుడు నేను పంచుకోను. మీరూ మీ పద్ధతిలోనే ఉండండి. ఈ బుర్ర మన సొరకాయదే, అదే జాతి తీగ, కాయను ఎండబెట్టి గుల్ల చేస్తారు. ఇక్కడ ట్రిస్టాన్ నర్వాహా వీధి ఆదివారం సంతలో కుప్పలు పోసి అమ్ముతారు. మన వాతావరణంలో సరిగా ఆరకపోతే లోపల బూజు పడుతుంది, అందుకని విజయవాడలో స్టీలు గ్లాసే మేలు.

మీకు బాగా పనికొచ్చేది ఇంకోటుంది. పరాగ్వేలో మాతేను చల్లటి నీళ్ళతో తాగుతారు, తెరెరే అంటారు. 2020లో యునెస్కో వారసత్వ జాబితాలో కూడా చేరింది. అర్జెంటీనా ఆకు రెండు చెంచాలు ఒక సీసా నీళ్ళలో వేసి ఫ్రిజ్‌లో గంటసేపు ఉంచి, వడకట్టి, నిమ్మకాయ పిండి, నాలుగు పుదీనా ఆకులు నలిపి వేయండి. వేడి భయం అసలే లేదు, మే నెల ఎండకు బాగుంటుంది. కెఫీన్ మాత్రం ఇందులోనూ ఉంటుంది, సాయంత్రం నాలుగు దాటాక వద్దు.

ఐరన్ మాత్ర ఏ వేళకి వేసుకుంటారు?

పద్మజ, విజయవాడ

రాత్రి పడుకునే ముందు. థైరాయిడ్ మాత్ర ఉదయం ఐదున్నరకి, టిఫిన్ ఎనిమిదింటికి, భోజనం ఒంటిగంటన్నరకి. అంటే పదకొండు గంటల కాఫీ స్థానంలో ఒక కప్పు. రేపటి నుంచి అర్జెంటీనాది మొదలుపెడతాను. బ్రెజిల్ ప్యాకెట్ మా అబ్బాయికే తిరిగి ఇచ్చి పంపుతున్నాను, వాడి హిమోగ్లోబిన్ 15.