ఎండలకి బేరింగ్ ఆయిల్ గ్రేడ్ మార్చాలా?

మిర్యాలగూడ దగ్గర ఒక బాయిల్డ్ రైస్ మిల్లులో మెయింటెనెన్స్ చూస్తుంటాను. బాయిలర్ పొగని బయటికి లాగే ఐడీ ఫ్యాన్‌కి స్ఫెరికల్ రోలర్ బేరింగులు, ఆయిల్ బాత్ (కింది రోలర్లు ఆయిల్‌లో మునిగి తిరుగుతాయి), వీజీ 68 (చిక్కదనం గ్రేడ్) ఆయిల్. చలికాలంలో హౌసింగ్ 65 డిగ్రీల దగ్గర ఆగేది. ఇప్పుడు మధ్యాహ్నానికి 85 దాటుతోంది. పొద్దున స్టార్ట్ చేసినప్పుడు శబ్దమే ఉండదు, వేడెక్కాక మాత్రం ఫ్యాన్ వైపు బేరింగ్ సన్నగా గరగరమంటోంది. డ్రెయిన్ చేసి చూస్తే ఆయిల్ టీ డికాక్షన్‌లా నల్లబడి, నీళ్లలా జారిపోతోంది.

68 అనేది 40 డిగ్రీల దగ్గర చిక్కదనం, సెంటిస్టోక్స్ లెక్కలో. మినరల్ ఆయిల్ అయితే 100 దగ్గర 8, 9 సెంటిస్టోక్సే మిగులుతుంది. ఈ రకం బేరింగుకి నడిచే వేడిలో కనీసం 20 ఉండాలంటారు. ఆ లెక్కన వీజీ 150 వెయ్యాలనిపిస్తోంది. మా ఓనర్‌గారేమో చిక్కటి ఆయిల్‌ని రోలర్లు చిలికి ఇంకా వేడి పుట్టిస్తాయంటున్నారు, అదీ కొట్టిపారేసే మాట కాదు. లెవెల్ కింది రోలర్ సగం వరకే ఉంది, ఎక్కువ పొయ్యలేదు.

ఇలాంటి ఫ్యాన్లు నడిపినవాళ్లు చెప్పండి: 150కి వెళ్లాలా, 68లోనే సింథటిక్ చాలా? వేడి ఫ్లూ గ్యాస్ (బాయిలర్ పొగ) నుంచి షాఫ్ట్ గుండా వస్తుంటే, షాఫ్ట్ వేడిని గాలికి వదిలే కూలింగ్ డిస్క్ వల్ల ఎన్ని డిగ్రీలు తగ్గింది మీకు?