కూచిపూడి పాఠాల డీవీడీలు ట్యాబ్‌లోకి ఎక్కించుకోవచ్చా? మీ అనుభవాలు చెప్పండి

గజ్జెల అమ్మ, వైజాగ్
మా పాపకి తొమ్మిదేళ్ళు, కూచిపూడి నేర్చుకుంటోంది. వేసవి సెలవుల్లో అమ్మమ్మగారింట్లో ఉన్నప్పుడు సాధన ఆగిపోకూడదని అడుగులు, జతుల (లయకి కూర్చిన అడుగుల వరసల) పాఠాల డీవీడీలు నాలుగు కొన్నాను. మూడు ఒక టీచర్‌గారు సొంతంగా చేయించినవి, ఒకటి కంపెనీది. ఇప్పుడు మా ప్లేయర్ ట్రే బయటికి రావడం లేదు. రిపేరు షాపులో అడిగితే దీని సామాను దొరకదమ్మా అన్నారు. కొత్త ల్యాప్‌టాప్‌కి డిస్కు పెట్టే చోటే లేదు. ట్యాబ్‌లోకి కాపీ చేసుకుందామంటే కవరు మీద "అనుమతి లేకుండా కాపీ చేయడం నేరం" అని ఉంది. అది చదివినప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. డబ్బు పెట్టి కొన్నవే కదా, తప్పవుతుందా? తప్పు కాకపోతే ఎలా చేయాలి?

శ్రీను ఎడిటింగ్, విజయవాడ
అక్కా, నేను పెళ్ళి వీడియోలు చేస్తాను, పాత డిస్కులు మార్చడం రోజూ ఉండే పనే. ముందు యూఎస్‌బీ డీవీడీ డ్రైవ్ ఒకటి తీసుకోండి. టీచర్లు సొంతంగా రాయించుకున్న డిస్కులకి మామూలుగా తాళం, అంటే కాపీ కాకుండా వేసే డిజిటల్ లాక్, ఉండదు. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిచి ఎంపీ4గా మార్చుకోవచ్చు. కంపెనీ డిస్కులకి ఎక్కువగా తాళం వేసి ఉంటుంది, దాన్ని హ్యాండ్‌బ్రేక్ తియ్యదు.

డ్యాన్స్ వీడియోకి ఒక్క సంగతి చాలా ముఖ్యం. మన దగ్గరి డీవీడీలు సెకనుకి 25 ఫ్రేములు, అంటే 25 బొమ్మలు. చాలావాటిలో ఒక్కో ఫ్రేములో వేర్వేరు క్షణాల్లో తీసిన రెండు సగాలు కలిసి ఉంటాయి. అలాగే మార్చేస్తే, మూడో కాలంలో (బాగా వేగంగా వేసేటప్పుడు) పాదం తట్టేటప్పుడు కాలి చుట్టూ దువ్వెన పళ్ళలా గీతలు వస్తాయి. మడమ తగిలిందో, ముందుపాదం తగిలిందో తెలియదు. ఆ సగాలని విడదీసే డీఇంటర్‌లేస్ సెట్టింగ్‌లో "బాబ్" ఎంచుకుని, ఫ్రేమ్ రేటు 50, "కాన్‌స్టెంట్" పెట్టండి. పాదం స్పష్టంగా కనబడుతుంది. గంట పాఠం నాకు ఒక జీబీ లోపే వచ్చింది.

డల్లాస్ నుంచి
హైదరాబాద్‌లో కొన్న డిస్కు ఇక్కడి ప్లేయర్‌లో ఆడలేదు. డీవీడీలకి ప్రాంతాన్ని బట్టి రీజియన్ నంబరు ఉంటుంది, ఇండియా రీజియన్ 5, అమెరికా రీజియన్ 1. కంప్యూటర్ డ్రైవ్‌లో రీజియన్ మార్చుకోవచ్చు కానీ అయిదుసార్లే, ఆ తర్వాత అక్కడే నిలిచిపోతుంది.

చట్టం కూడా ఇక్కడ కఠినం. 1998లో వచ్చిన డీఎంసీఏ అనే కాపీరైట్ చట్టం ప్రకారం, మనం కొన్న డిస్కే అయినా తాళం తీయడమే నిషేధం. డీవీడీని కంప్యూటర్‌లో దాచుకోవడానికి వచ్చిన రియల్‌డీవీడీ అనే సాఫ్ట్‌వేర్‌ని కూడా 2009లో కోర్టు అమ్మకుండా ఆపేసింది. నేను మా గురువుగారికే ఫోన్ చేశాను. కొన్న రసీదు ఫొటో పంపితే ఫైళ్ళే పంపించారు.

వకీలు, హైదరాబాద్
గజ్జెల అమ్మగారూ, మన 1957 కాపీరైట్ చట్టంలో 52(1)(ఎ) అనే సెక్షన్ ఉంది. సొంత వాడకం కోసం న్యాయమైన రీతిలో వాడుకుంటే ఉల్లంఘన కాదు. అంతకుముందు సాహిత్యం, నాటకం, సంగీతం, చిత్రకళ వంటి రచనలకే ఈ మినహాయింపు ఉండేది. 2012 సవరణతో కంప్యూటర్ ప్రోగ్రాములు తప్ప అన్నిటికీ వచ్చింది, వీడియోలు కూడా అందులోకే వస్తాయి. మీరు కొన్న పాఠాన్ని మీ పాప సాధన కోసం మీ ట్యాబ్‌లో పెట్టుకోవడం దీనికింద నిలుస్తుందనే నా అభిప్రాయం. కవరు మీద ఏం రాసినా చట్టం ఇచ్చిన మినహాయింపు పోదు.

అదే సవరణలో 65ఎ కూడా వచ్చింది. హక్కుల్ని ఉల్లంఘించే ఉద్దేశంతో తాళం తీస్తే రెండేళ్ళ దాకా జైలు, జరిమానా. ఉద్దేశం అన్న మాట ఉంది కాబట్టి మన చట్టం అమెరికా చట్టం అంత బిగువు కాదు. అయినా తాళం ఉన్న డిస్కు జోలికి వెళ్ళకుండా ఉంటేనే మంచిదని చెబుతాను.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాలి. ఆ ఫైలుని క్లాసు తల్లుల వాట్సాప్ గ్రూపులో పెట్టారంటే అది సొంత వాడకం కాదు. అడుగులు సంప్రదాయానివి, అవి ఎవరి సొత్తూ కావు. కానీ ఆ వీడియో మీద హక్కు తీసినవాళ్ళది, కొత్తగా కూర్చిన జతి మీద హక్కు కూర్చినవాళ్ళది.

లండన్ నుంచి
ఇక్కడ 2014 అక్టోబరులో సొంత కాపీకి అనుమతి ఇచ్చారు. 2015 జులైలో హైకోర్టు కొట్టేసింది. కాబట్టి ఏ దేశంలో ఉన్నారో చూసుకుని చేయండి.

నాట్యం టీచర్, గుంటూరు
నేనూ పాఠాల డీవీడీ చేయించినదాన్నే, అందుకే రాస్తున్నాను. తెర మీద కనబడేది నేనొక్కదాన్నే. వెనక నట్టువాంగం (తాళాలు వాయిస్తూ జతులు పలకడం), మృదంగం, వయొలిన్, గాత్రం ఉన్నాయి. వాళ్ళందరికీ ఇచ్చుకున్నాకే డిస్కు బయటికి వచ్చింది.

కిందటేడు వేరే ఊళ్ళో ఒక వార్షికోత్సవానికి వెళ్ళాను. నేను కూర్చిన జతిని 12 మంది పిల్లలు చేస్తున్నారు. చూడగానే సంతోషం వేసింది. జతి చివర ముక్తాయింపులో ఎడమ చెయ్యి శిఖరహస్తం (పిడికిలి మీద బొటనవేలు పైకి) పట్టి నడుము దగ్గర ఉండాలి. రికార్డింగ్ రోజు అలసిపోయి నేను పతాకంలో (వేళ్ళు కలిపి చాచిన అరచెయ్యి) వదిలేశాను. ఆ పిల్లలందరూ సరిగ్గా అదే చోట పతాకం పట్టారు. డిస్కు కొన్నవాళ్ళకి ఫోన్ చేసి ఆ తప్పు చెప్పి దిద్దించాను. వీళ్ళకి మాత్రం ఎవరో పంపిన ఫైలు చేరింది, దిద్దుబాటు చేరలేదు. నా బాధ డబ్బు గురించి కాదండీ, ఆ పిల్లల చేతుల గురించి. కొన్నవాళ్ళు ట్యాబ్‌లో పెట్టుకుంటామంటే నేను ఎప్పుడూ కాదనలేదు. ఒక్కసారి అడగండి చాలు.

రాజమండ్రి చెల్లి
రెండు సంగతులు. టీచర్ మనకి ఎదురుగా నిలబడి చేస్తారు కదా, ఆవిడ కుడికాలు తెర మీద మనకి ఎడమవైపు కనబడుతుంది, చిన్నపిల్లలు తారుమారు చేసేస్తారు. కంప్యూటర్‌లో వీఎల్‌సీ ప్లేయర్‌తో బొమ్మని అద్దంలోలా తిప్పుకోవచ్చు. తిప్పాక తెర మీది అక్షరాలు తిరగబడి కనిపిస్తాయి, పైట కుడి భుజం మీదికి వస్తుంది. కాళ్ళు మాత్రం మన వైపుకి సరిపోతాయి.

రెండోది, లయ తప్పుతోందని నేను వారం రోజులు ఫైలుని మళ్ళీ మళ్ళీ మార్చాను. పాదం పడ్డాక కాస్త ఆగి తట్టు వినబడేది. తీరా చూస్తే ఫైలు తప్పు కాదు, బ్లూటూత్ స్పీకరు. దాంట్లో శబ్దం ఆలస్యంగా వస్తుంది. వైరు పెట్టగానే సరిపోయింది. సాధనకి బ్లూటూత్ వాడకండి.

గజ్జెల అమ్మ, వైజాగ్
అందరికీ దండాలు. కవరు వెనక ఉన్న నంబరుకి ఫోన్ చేశాను. ఆ టీచర్‌గారు పెట్టుకోమన్నారు. రెండో డిస్కులో ఒక చోట కాలం మారేటప్పుడు లెక్క తప్పిందని, అక్కడ ఎలా వేయాలో ఫోన్‌లోనే సొల్లుకట్టు (అడుగులకి పలికే తకధిమి లాంటి పలుకులు) చెప్పి పాప చేత పలికించారు. శ్రీను చెప్పినట్టు మూడు డిస్కులూ ఎక్కించాం. కంపెనీ డిస్కుకి తాళం ఉంది. దాన్ని కాపీ చేయలేదు, కొత్త డ్రైవ్ ల్యాప్‌టాప్‌కి తగిలించి చూపిస్తున్నాను.

ఒక్క సందేహం. మూడో డిస్కు అంచు దగ్గర గీతలు పడ్డాయి, చివరి పది నిమిషాలు ఆగి ఆగి వస్తోంది. శ్రీనూ, మెత్తని గుడ్డతో తుడిచి మళ్ళీ ప్రయత్నించమంటావా, లేక టీచర్‌గారినే ఇంకో డిస్కు కొంటానని అడగనా?

శ్రీను ఎడిటింగ్, విజయవాడ
ముందు తుడవండి అక్కా, మధ్య నుంచి అంచు వైపుకి, గుండ్రంగా మాత్రం వద్దు. అప్పటికీ రాకపోతే ఇంకోటి కొనండి.